కొండభాషకు వ్యాకరణము: గిడుగు రామమూర్తి

ఒడిశా కొండలలో పుట్టిన వంశధారానది గుణుపురము మీదుగా దక్షిణమునకు ప్రవహించి, శ్రీముఖలింగక్షేత్రమును ఒరసికొనుచు సాగి, కళింగపట్నము వద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. ఈ నది వెంట నడచువారికి మూడు విధములైన సీమలు కనబడును. ఎగువను కొండలు, అడవులు, వాని నడుమ సవరల గూడెములు. మధ్యభాగమున వరిపొలములు, తెలుగు పల్లెలు, పురాతన దేవాలయములు. దిగువను సముద్రము, జాలరుల ఇండ్లు, ఒకప్పుడు ఓడలు వచ్చి నిలిచిన కళింగపట్నపు రేవు.

కొండలలోని సరుకు అనాదిగా పల్లమునకు దిగివచ్చుచునే యుండెను. సవరలు చింతపండు, అడ్డాకులు మొదలగువానిని కావళ్లతో మోసికొని సంతలకు వచ్చువారు. ఉప్పు, బట్టలు కొనుక్కొని మరల కొండలెక్కువారు. సరుకు దిగివచ్చెను గాని, వారి మాట మాత్రము పల్లపువారి చెవికెక్కలేదు. అది అర్థము లేని అరపు అనియు, దానికొక వ్యాకరణము ఉండబోదనియు తలచిన చదువరులు అనేకులుండిరి. ఆ మాటను చెవియొగ్గి విని, దానిలోని క్రమమును కనుగొని, లోకమునకు చాటినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమునగల పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారు రివెన్యూ శాఖలో ఉద్యోగము చేయుచుండిరి. కొంతకాలమునకు వారికి చోడవరమునకు బదిలీ అయినది. అచ్చటనే 1875లో విషజ్వరము సోకి వారు మరణించిరి. అప్పటికి రామమూర్తిగారికి పండ్రెండేండ్లు. ఇంటికి ఆధారమైన తండ్రి పోయెను; ఆయన చేసిన అప్పులు మిగిలెను.

బాలుడు చదువు మానలేదు. విజయనగరమునందు మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థుడయ్యెను. తరువాతి కాలమున మహాకవియని కీర్తి గడించిన గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయి. పై చదువులకు పోవలెనను కోరిక యున్నను, ఇంటి పరిస్థితులు అందులకు అనుకూలింపలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా కుదిరి, మొదటి ఫారము విద్యార్థులకు చరిత్ర బోధింపసాగిరి. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, తక్కిన వేళలయందు తాము చదువుకొనుచు, 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, 1896లో బి.ఏ. పరీక్షను ముగించిరి. బడిలో అడుగిడిన నాటినుండి పట్టము చేతికి వచ్చు వరకు పదునారేండ్లు పట్టినది. అంతటి ఓర్పు వారి స్వభావము.

ఆ ఓర్పునకు మొదటి ఫలము ముఖలింగ దేవాలయమున లభించెను. ఆ ఆలయపు గోడలమీదను, స్తంభములమీదను పూర్వరాజులు చెక్కించిన శాసనములు కలవు. చరిత్రను బోధించువాడు చరిత్రను పుస్తకములలోనే గాక రాళ్లమీదను చదువగలిగి యుండవలెనని రామమూర్తిగారు భావించిరి. శాసనలిపిని నేర్పు గురువు దగ్గరలో లేకున్నను, తామే పుస్తకములు సంపాదించి, అక్షరము వెంట అక్షరముగా ఆ లిపిని సాధించిరి. ముఖలింగమే పూర్వము గంగవంశపు రాజులకు రాజధానియైన కళింగనగరమని నిరూపించుటకు వారు పూనుకొనిరి. వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును గూర్చి వారు వ్రాసిన వ్యాసము ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటింపబడినది. తెలియని గుర్తులను తొందరపడక పరిశీలించుట, ఒకే గుర్తు ఎక్కడెక్కడ వచ్చుచున్నదో పోల్చి చూచుట, ఆధారము దొరకినగాని నిర్ణయింపకుండుట అను మూడు అలవాట్లు ఈ పనివలన వారికి అలవడెను.

పర్లాకిమిడికి చుట్టుప్రక్కలనున్న కొండలలో సవరలు విస్తారముగా నివసింతురు. వీరు తమ భాషను సొరా యని పిలుచుకొందురు. వాలుభూములలో పైరు పెట్టి, అడవి పంటలతో కాలము గడపుచుండిన ఈ జనులకు ఆ కాలమున చదువు లేదు, బడి లేదు. కచ్చేరీలో అధికారి ఏమి అడుగుచున్నాడో సవరకు తెలియదు. సవర ఏమి చెప్పుచున్నాడో అధికారికి తెలియదు. నడుమనున్న దుబాసీ చెప్పినదే వేదము. సంతలో షావుకారు వ్రాసినదే లెక్క. భాష తెలియకపోవుట చేతనే నిర్దోషులు చిక్కులలో పడుచుండిరి. కష్టించి తెచ్చిన సరుకునకు తగిన వెల పొందలేకుండిరి. వీరికి చదువు చెప్పింపవలెనన్నచో వారి భాషలోనే చెప్పింపవలెను. వారి భాషలో చెప్పవలెనన్నచో ముందుగా ఎవరైన ఆ భాషను నేర్చుకొనవలెను. రామమూర్తిగారు 1892వ సంవత్సర ప్రాంతమున ఆ పనికి పూనుకొనిరి.

పూనుకొనుట సులభమే గాని, మార్గము కనబడలేదు. సవరభాషకు లిపి లేదు. నేర్చుకొనుటకు ఆధారమైన నిఘంటువు గాని వ్యాకరణము గాని లేదు. అందుచేత వారు తెలుగును సవరభాషయు రెండును వచ్చిన ఒక మనుష్యుని తమ యింటనే ఉంచుకొని, అతనివలన ఒక్కొక్క మాటయే నేర్చుకొనసాగిరి. సెలవు దినములలో స్వయముగా కొండలెక్కి గూడెములకు పోయి, సవరలతో కలసి కూర్చుండి, వారి కథలను, పాటలను విని వ్రాసికొనిరి.

మొదటి చిక్కు ధ్వనులయందే ఎదురయ్యెను. తెలుగు అక్షరములకు లొంగని అచ్చులు కొన్ని ఆ భాషలో కలవు. మాట చివర గొంతులో గాలిని చటుక్కున ఆపి పలుకు హల్లులును కలవు. అజాగ్రత్తగా వినువానికి అవి వినబడనే వినబడవు. ఇట్టి ధ్వనులను పట్టుకొనుటకు చెవి మిక్కిలి నిశితముగా ఉండవలెను.

రెండవ చిక్కు నామవాచకములయందు వచ్చినది. దీనిని తెలిసికొనుటకు ముందు ఒక చిన్న విషయమును గ్రహింపవలెను. ఒక వస్తువును గూర్చి మాటలాడునప్పుడు, అది వినువానికి ముందే తెలిసినదా, లేక క్రొత్తగా చెప్పబడుచున్నదా, లేక ఆ జాతినంతటిని ఉద్దేశించి చెప్పబడుచున్నదా అను భేదము ప్రతి భాషలోను అవసరమగును. అయితే ఈ భేదమును తెలుపు పద్ధతి మాత్రము భాషభాషకును మారును. ఇంగ్లీషువారు ఇందులకై నామవాచకమునకు ముందు ఎ, ద అను రెండు చిన్న మాటలను వాడుదురు. తెలియని పులియైనచో ఎ. తెలిసిన పులియైనచో ద. ఈ రెండు మాటలును పూర్వము స్వతంత్రమైన అర్థము కలవే. మొదటిది ఒకటి అను సంఖ్య నుండియు, రెండవది ఆ అను నిర్దేశము నుండియు పుట్టి, వాడుకలో అరిగి చిన్నవైనవి. ఇంగ్లీషు నేర్చుకొను తెలుగు బాలురు వీనితో పడు అవస్థ అందరెరిగినదే.

తెలుగులో అట్టి మాటలు విధిగా వాడవలసిన పని లేదు. పులి వచ్చినది అన్నచో, ఏదో ఒక పులియా, నిన్న కనబడిన పులియా అను సంగతి సందర్భమును బట్టి తెలియును. అవసరమైనచో ఒక పులి యనియో, ఆ పులి యనియో చెప్పుదుము. అంతమాత్రముచేత తెలుగువారికి ఆ భేదము తెలియదని కాదు. కళింగపట్నపు జాలరి చేపలు పట్టుటకు పోయెనన్నచో అది అతని వృత్తి. ఏ చేపలని ఎవరును అడుగరు. ఆ చేపను పట్టెనన్నచో అది కంటికి కనబడిన ఒక చేప. మొదటి వాక్యమున చేపలు అను మాటకు విభక్తి లేదు. రెండవ వాక్యమున ను అను విభక్తి వచ్చినది. ఈ నియమమును తెలుగు తల్లి బిడ్డకు ఎన్నడును బోధింపదు. బిడ్డయు ఎన్నడును తప్పడు. వ్యాకరణము జనుల నోట నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

సవరభాష ఈ రెండు మార్గములను గాక తనదైన మార్గమును పట్టినది. అందు నామవాచకము వాక్యములో స్వతంత్రముగా నిలిచినప్పుడు సాధారణముగా దాని చివర అన్ అను ప్రత్యయము చేరును. కినా అనగా పులి. వాక్యములో అది కినాన్ అగును. కిన్సోద్ అనగా కుక్క. అది కిన్సోదన్ అగును. బొంగ్తెల్ అనగా ఎనుము. అది బొంగ్తెలన్ అగును. అనేకులను గూర్చి చెప్పవలసినచో ఈ ప్రత్యయము తరువాత జి అను బహువచన ప్రత్యయము వచ్చును. ఇంగ్లీషు భాషలో ద ముందు నడచునట్లు, సవరభాషలో ఈ అన్ వెనుక నడచుచున్నదా యని చూచువారికి తోచును. కాని రెండును పూర్తిగా సరిపోలవు. ఇంగ్లీషువారు ద వాడని చోట్లను సవరలు అన్ వాడుదురు. అది తెలిసిన వస్తువును సూచించుటకే గాక, ఆ మాట నామవాచకముగా తన కాళ్లపై తాను నిలిచినదని తెలుపుటకును ఉపయోగపడుచున్నది.

ఆ మాట తన కాళ్లపై నిలువనప్పుడు జరుగునది మరింత విచిత్రము. సవరభాషలో నామవాచకము క్రియలో లీనము కాగలదు. అట్లు లీనమగునప్పుడు అన్ అను ప్రత్యయము ఊడిపోవును; మాటయు కురుచయగును. కినా అను పులి కిద్ అను చిన్నరూపము దాల్చును. బొంగ్తెల్ అను ఎనుము బొంగ్ అని మాత్రమే మిగులును. జొం అనగా తినుట. ఎనుమును తినుటను గూర్చి ప్రశ్నింపవలసినచో సవరకు రెండు త్రోవలు కలవు. బొంగ్తెలన్ అను నిండురూపమునకు కర్మను తెలుపు ప్రత్యయమును చేర్చి, క్రియను వేరుగా పలుకుట ఒకటి. జొం అను ధాతువు వెంటనే బొంగ్ అను కురుచ రూపమును అతికించి, రెంటిని ఒకే క్రియగా పలుకుట మరియొకటి. మొదటి దానిలో ఎనుము ఒక వస్తువుగా ఎదుట నిలుచును. రెండవ దానిలో అది తినుట అను పనిలో కలసిపోయి, ఎనుమును తిను అలవాటు ఉన్నదా యనునట్టి భావమునకు అనువగును. తెలుగులో చేపలు పట్టుట, చేపను పట్టుట అను రెంటికిని గల భేదము వంటిదే ఇది. తెలుగు ఒక విభక్తితో చేయు పనిని, సవర ఒక మాటను కురుచచేసి క్రియలో దాచుటచే సాధించుచున్నది.

ఇట్టి నియమములను సవరలలో ఎవరును చెప్పలేరు. అడిగినచో మేమట్లే అందుము అని మాత్రము చెప్పుదురు. అందుచేత వ్యాకర్త వందలకొలది వాక్యములను ప్రోగుచేసి, ఒకే మాట ఒకచోట నిండుగాను మరియొకచోట కురుచగాను ఏల వచ్చుచున్నదో పోల్చి చూడవలెను. ముఖలింగపు రాళ్లమీద అలవడిన పద్ధతి ఇచ్చట మనుష్యుల మాటలమీద పనికి వచ్చినది.

లెక్కించుటయందును సవరలకు తమదైన క్రమము కలదు. వారు పదులతో గాక పండ్రెండుతోను, ఇరువదితోను లెక్క పెట్టుదురు. పండ్రెండు మిగ్గెల్. పదమూడు అనగా పండ్రెండును ఒకటియు. తొంబదిమూడు చెప్పవలెనన్నచో నాలుగు ఇరువదులు, పండ్రెండు, ఒకటి అని కూర్చి చెప్పుదురు. షావుకారు పదులతో వేసిన లెక్క సవరకు ఏల తికమకగా ఉండెనో దీనినిబట్టి ఊహింపవచ్చును. అతనికి లెక్క రాక కాదు; అతని లెక్క వేరు.

రామమూర్తిగారు ఈ కృషి ఆరంభించుటకు కొలది యేండ్ల ముందు, 1887లో, దూరదేశమున వార్సా నగరమందు జామెన్‌హోఫ్ అను కంటివైద్యుడు ఎస్పెరాంటో అను క్రొత్తభాషను తానే నిర్మించి ప్రకటించెను. వేరువేరు భాషల ప్రజలు ఒకరినొకరు అర్థము చేసికొనలేక కలహించుటను చూచి, అందరికిని సులభమైన భాష యొకటి ఉండవలెనని ఆయన తలచెను. ఆయన వ్రాసిన పదునారు నియమములలో మొదటిది ఈ విషయమును గూర్చినదే. తెలిసిన వస్తువునకు ముందు లా అను ఒక్క మాట చాలును. తెలియనిదానికి ఏ మాటయు అక్కరలేదని ఆయన శాసించెను. అట్లు శాసించుటకు ఆయనకు అధికారము కలదు. ఏలయనగా అది ఆయన కట్టిన యిల్లు. రామమూర్తిగారి పని దీనికి భిన్నమైనది. ఆ యింటిని సవరలు ఎన్నడో కట్టుకొనిరి. ఏ దూలము ఏ గోడపై ఆనియున్నదో కనుగొనుటయే ఆయన వంతు. అందులో తన యిష్టము చొప్పున ఒక్క పుల్లనైన కదల్చుటకు వీలులేదు. ఈ యిద్దరి మార్గములు వేరైనను, మాట తెలియక మనిషికి మనిషి దూరము కారాదన్న కోరిక మాత్రము ఒక్కటే.

నేర్చిన విద్యను రామమూర్తిగారు బీరువాలో దాచుకొనలేదు. సవరభాషలో పాఠపుస్తకములు వ్రాసిరి. తమ సొంత ధనము వెచ్చించి సవరపిల్లలకు బడులు పెట్టించి, వారి మాటలోనే వారికి చదువు చెప్పించు ఏర్పాట్లు చేసిరి. ఉపాధ్యాయుని జీతములో సంసారము గడచుటయే కష్టము. అయినను మద్రాసు ప్రభుత్వమువారు ఆయన కృషికి సంతోషించి వేయి రూపాయలు పారితోషికము ఇయ్యబోగా, ఆయన దానిని స్వీకరింపలేదు. ఆ సొమ్ముతో సవరల కొరకు మంచి బడి యొకటి నడపవలసినదిగా కోరిరి. 1913లో ప్రభుత్వము వారికి రావు బహదూరు బిరుదమునిచ్చి గౌరవించెను.

కొండలు వారినుండి పెద్ద మూల్యమునే తీసికొన్నవి. అడవులలో తిరుగుటచే వారికి మలేరియా జ్వరము సోకెను. జ్వరము తగ్గుటకై విస్తారముగా క్వినైను సేవింపవలసి వచ్చెను. ఆ మందు వలన వారికి చెవుడు కలిగెను. ధ్వనుల నడుమనున్న సన్నని భేదములను చెవితో పట్టుకొని జీవితమంతయు ధన్యముగా భావించినవారికి, ఆ చెవియే మూతపడుట ఎంత దుఃఖకరమో ఊహింపవచ్చును. ఇతరులైనచో ఆ పనిని అంతటితో చాలించి యుందురు. రామమూర్తిగారు చాలింపలేదు. అంతకుముందు వ్రాసియుంచుకొన్నదానిని మరల మరల సరిచూచుకొనుచు, సందేహము కలిగినప్పుడు ఇతరుల సాయము పొందుచు కృషి సాగించిరి. కుమారులు సీతాపతిగారును ఈ పనియందు తండ్రికి తోడ్పడిరి.

ముప్పదియేండ్లకు పైబడిన ఈ శ్రమ 1931లో ఫలించెను. ఆ యేట ఇంగ్లీషులో వారు వ్రాసిన సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వమువారు అచ్చువేయించిరి. 1934లో ప్రభుత్వము వారికి కైజర్-ఇ-హింద్ పతకమును ఒసగెను. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. నామవాచకము క్రియలో లీనమగుటను గూర్చి, నిండురూప కురుచరూపములను గూర్చి ఆ వ్యాకరణమున చూపిన ఉదాహరణములను నేటికిని ప్రపంచమునందలి భాషాశాస్త్రజ్ఞులు తమ గ్రంథములలో పేర్కొనుచున్నారు.

సవరభాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. అది సంతాలీ, ముండారీ, గదబ మొదలగు భాషలతో పాటు ముండా కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబమునకును, బంగాళాఖాతమునకు ఆవల బర్మాలోని మోన్ భాషకును, కంబోడియాలోని ఖ్మేర్ భాషకును చుట్టరికము కలదు. ఆ పెద్ద కుటుంబమునకు 1906లో ష్మిట్ అను పండితుడు ఆస్ట్రోఏషియాటిక్ అను పేరు పెట్టెను. కళింగపట్నపు ఒడ్డున నిలిచి తూర్పుదిక్కు చూచినచో, సముద్రమునకు ఆవలి యొడ్డున సవరమాటకు దూరపు బంధువులు కలరన్నమాట. అర్థము లేని అరపు అని పల్లపువారు త్రోసివేసిన మాటకు ఇంతటి వంశవృక్షము కలదు.

సవరలవద్ద నేర్చిన పాఠమే రామమూర్తిగారిని తెలుగునకు సేవచేయుటకు పురికొల్పెను. భాష జనుల నోట బ్రదుకుచున్నది. వ్యాకరణము ఆ నోటినుండి వినబడినదానికి వివరణము గాని, దానిపై విధించిన శిక్ష గాదు. ఈ సూత్రము సవరభాష విషయమున సత్యమైనచో తెలుగు విషయమున ఏల కారాదు? 1907 ప్రాంతమున పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉత్తరసర్కారు జిల్లాలకు వచ్చిన యేట్సుదొర, తెలుగువారు మాటలాడు భాషకును పుస్తకములలోని భాషకును గల దూరమును చూచి ఆశ్చర్యపడి, దానికి కారణము విచారించెను. ఆ ప్రశ్న రామమూర్తిగారిని, గురజాడ అప్పారావుగారిని, పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఒక్కత్రాటిపై నడిపించెను. రామమూర్తిగారు 1911లో ఉద్యోగమునుండి విరమించి, తక్కిన జీవితమును ఈ ఉద్యమమునకే ధారపోసిరి. 1919లో తెలుగు అను పత్రికను స్థాపించి, శిష్టజనులు వాడు వాడుకభాషకే గ్రంథములలోను చోటుండవలెనని వాదించిరి. సభలలో పండితులు ప్రతిఘటించిరి, పరిహసించిరి. ఆయన కోపగించుటకు మారుగా పూర్వకవుల గ్రంథములనుండియే ప్రయోగములను ఎత్తిచూపి, పండితులు తప్పులని త్రోసివేసిన రూపములను అనేకములు పెద్దలు వాడినవే యని నిరూపించిరి. చెవి వినబడకున్నను వాదమునకు వెనుదీయలేదు. ప్రత్యర్థి కాగితముమీద వ్రాసి చూపినచో, దానికి నోటితో సమాధానము చెప్పుచుండిరి.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. తెలుగువారు అధికముగా నున్న ఆ పట్టణము తెలుగుసీమనుండి విడివడుట రామమూర్తిగారికి సమ్మతము గాలేదు. దానిని ఆపుటకు వారు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని, తిరిగిన కొండలను, స్వహస్తములతో నిలిపిన బడులను విడిచి, డెబ్బదిమూడవ యేట వారు రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన వారు పరమపదించిరి.

కాలక్రమమున పత్రికలలోను, కథలలోను, సభలలోను వాడుకభాష వ్యాపించెను. రామమూర్తిగారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగువారు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. ఆ దినమున వారి తెలుగు సేవనే ఎక్కువగా తలచుకొందురు. కాని ఆ సేవకు మూలము కొండమీది గూడెములలో నున్నదని మరువరాదు. తనది కాని భాషను, రాజులు గాని పండితులు గాని పట్టించుకొనని భాషను, ఒక బడిపంతులు తన భాషతో సమానముగా గౌరవించెను. ఎనుము అను మాట చివర వినవచ్చు చిన్న అన్ సయితము అకారణముగా అచ్చట లేదని ఆయన నమ్మెను. కారణము దొరకు వరకు వినెను. చెవి ఉన్నన్నాళ్లు చెవితో, అది పోయిన పిమ్మట మనస్సుతో వినెను. ఆ వినుటవలననే సవరపిల్లలు మొదటిసారిగా తమ తల్లి మాటను పుస్తకములో చూచుకొనగలిగిరి.